ఒక్కపొద్దు తప్పినప్పుడు

వ్రతము పట్టుట యెంత ముఖ్యమో, పట్టిన వ్రతమునకు భంగము కలిగినప్పుడు ఏమి చేయవలయునో ఎరిగియుండుటయు అంత ముఖ్యము. ఏకాదశినాడు మరచి అన్నము తిన్న కోడలికి పెద్దలు ధైర్యము చెప్పి మార్గము చూపుట మన ఇండ్లలో ఉన్నదే. ముసల్మాను సోదరీమణుల ఇండ్లలోను రంజాను మాసమున ఇట్టి ప్రశ్న యేటేట పుట్టుచుండును. దానికి వారి ధర్మశాస్త్రమున స్పష్టమైన సమాధానము కలదు. ఆ సమాధానము సరిగ తెలియకపోవుటచే కొందరు లేని దోషమును నెత్తిన వేసికొని యేండ్ల తరబడి కుములుదురు. కొందరు ప్రాణముమీదికి వచ్చినను ఉపవాసము విడువరు. మరికొందరు నిజముగ ఉన్న దోషమును తేలికగ త్రోసివేయుదురు. ఈ మూడును స్త్రీలకే యెక్కువ హాని చేయుచున్నవి గనుక, ఈ విషయమును కొంత విపులముగ వ్రాయ దలచితిమి.

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు ప్రాంతములు నేడు మిక్కిలి జనసమ్మర్దముగ పెరిగినవి. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగరు వరకు వచ్చినది మొదలు ఈ వీధుల రద్దీ మరింత హెచ్చినది. వీనిని ఆనుకొని మలక్‌పేట, సైదాబాదు, మూసారాంబాగు పేటలున్నవి. మూసారాంబాగను పేరు నిజాము కొలువున సేనానియైన రేమండను ఫ్రెంచివానినుండి వచ్చినదని చెప్పుదురు. 1798లో గతించిన ఆ దొరను హిందువులు మూసారామనియు, ముసల్మానులు మూసారహీమనియు పిలుచుకొనిరట. పరదేశి పేరునే రెండు మతములవారును తమ తమ నోటికి తగినట్లు మలచుకొన్న ఈ పేటలలో, ఒకే మేడలో ఒక వాకిట కార్తికదీపమును, ఎదుటివాకిట రంజాను వేకువజామున సహరీ వంట పొగయు కానవచ్చుట వింత కాదు. ఇట్టి చోట ఇరుగుపొరుగు స్త్రీలు ఒకరి వ్రతనియమముల నొకరు ఎరిగియుండుట మర్యాదయే కాక అవసరము కూడను.

రంజాను ఉపవాసమును మన తెలుగు ముసల్మానులు రోజా అనియు, పల్లెలలో ఒక్కపొద్దు అనియు అందురు. తెల్లవారుజామున తూర్పున వెలుగురేఖ తోచినది మొదలు సూర్యుడస్తమించువరకు అన్నపానములను దాంపత్యసంబంధమును విడిచియుండుట దీని నియమము. చాంద్రమానమును బట్టి నడచు మాసమగుటచే ఇది ప్రతి సంవత్సరము సుమారు పదునొకండు దినములు ముందునకు జరుగుచు, దాదాపు 33 ఏండ్లలో ఋతువులన్నిటిని చుట్టివచ్చును. 2025లో మన దేశమున మార్చి 2వ తేదీన మొదలై, 31వ తేదీన పండుగ జరిగెను. మార్చి మాసమున మన నగరములో ఉపవాసకాలము సుమారు 13 గంటలు. మే, జూను మాసములలో వచ్చినప్పుడు అది పదునాలుగు గంటలు దాటును.

మూడు మాటల భేదము

ఈ విషయమున మొదట తెలిసికొనవలసినవి మూడు మాటలు: ఖజా, ఫిద్యా, కఫ్ఫారా. తప్పిన దినమునకు బదులుగ పిమ్మట మరియొక దినమున ఉపవాసముండుట ఖజా. ముసలితనము చేతనో, తీరని రోగము చేతనో ఇక నెన్నటికిని ఉపవాసముండజాలని వారు దినమునకొక పేదకు అన్నము పెట్టుట ఫిద్యా. ఈ రెండింటికిని ఖురాను రెండవ అధ్యాయమున ఆధారము కలదు. ఇవి శిక్షలు కావు. రోగికిని, ప్రయాణముననున్న వారికిని, వృద్ధులకును ఇచ్చిన సౌలభ్యములు. మూడవదియైన కఫ్ఫారా మాత్రము ప్రాయశ్చిత్తము. బలమైన కారణము లేకయే, తెలిసి తెలిసి రంజాను ఉపవాసమును భగ్నము చేసికొన్నవారికే అది వర్తించును.

పలువురు సోదరీమణులకు కలుగు దిగులంతయు ఈ మూటిని ఒకటిగ తలచుటనుండియే పుట్టుచున్నది. తప్పిన ప్రతి దినమునకును అరువది దినములు ఉండవలయునని భయపడువారిని మేమెరుగుదుము. అది సరికాదు. ఖజాతో తీరు సందర్భములు పది యుండగ, కఫ్ఫారా పడు సందర్భము ఒకటియో రెండో ఉండును.

ఖర్జూరముల గంప

ఈ ప్రాయశ్చిత్తమునకు మూలమైన కథ బుఖారీ, ముస్లిమ్ అను రెండు ప్రామాణిక హదీసు గ్రంథములలోను అబూహురైరా చెప్పినట్లుగ కలదు. మదీనా నగరమున ఒకడు ప్రవక్త యొద్దకు పరుగున వచ్చి తాను చెడిపోతినని మొరపెట్టుకొనెను. విచారింపగ, రంజాను ఉపవాసముననుండి పగటివేళ భార్యను కూడినట్లు చెప్పెను. ఒక బానిసకు స్వేచ్ఛ నీయగలవా యని ప్రవక్త అడిగెను. అంతటి శక్తి లేదనెను. ఎడతెగక రెండు నెలలు ఉపవాసముండగలవా యనగ, అదియు చేతకాదనెను. అరువదిమంది పేదలకు అన్నము పెట్టగలవా యనగ, దానికిని గతి లేదనెను. అంతలో ఎవరో ఒక గంపెడు ఖర్జూరములు కానుకగ తెచ్చిరి. వానిని తీసికొనిపోయి దానము చేయుమని ప్రవక్త ఆ మనుజునికే యిచ్చెను. అతడు, ఈ ఊరి పొలిమేరల నడుమ తన యింటికంటె బీదయిల్లు లేదనెను. ప్రవక్త పలువరుస కనబడునట్లు నవ్వి, అట్లయిన నీ ఇంటివారికే పెట్టుమని పంపివేసెను.

తప్పు చేసితినని వణకుచు వచ్చినవాడు ఖర్జూరముల గంపతో ఇల్లు చేరెను. ఇంతకంటె చక్కగ ఈ ధర్మము యొక్క స్వభావమును చెప్పు కథ లేదని మేము తలంతుము. మూడు మెట్లున్నవి, ఒక్కొక్క మెట్టు నెక్కలేనివానిని ప్రవక్త గద్దింపక తరువాతి మెట్టును చూపెను. ఆ మెట్లలో మొదటిది ఒక బానిస స్వేచ్ఛ, చివరిది అరువది పేదకడుపుల అన్నము. ఒకరి తప్పు మరియొకరి మేలుగ మారుట ఇందలి విశేషము.

ఇవే మూడు మెట్లు ఖురాను 58వ అధ్యాయమున మరియొక సందర్భమున కానవచ్చును. అరబ్బుల పాత ఆచారమున, భర్త కోపమున భార్యను తన తల్లి వీపుతో పోల్చి పలికినచో ఆమె భార్యయు కాక, విడిపోయినదియు కాక అగచాట్లు పడెడిది. ఖౌలా అను ఇల్లాలు దీనిని సహింపక ప్రవక్తతో వాదించెను. ఆమె మొర ఫలితముగ, అట్లు పలికిన భర్త బానిసను విడిపించుటయో, రెండు నెలలుపవాసముండుటయో, అరువదిమందికి అన్నము పెట్టుటయో చేసినగాని భార్యను తాకరాదను నియమము వచ్చెను. ఆ అధ్యాయమునకు వాదించిన స్త్రీ యను అర్థము గల పేరే నిలిచినది. ఒక స్త్రీ నోరు తెరచి అడుగుటచే ఒక ధర్మము తేటపడినదనుట మన చదువరులు గమనింపదగినది.

పండితులలో భేదము

పైకథలోని తప్పు దాంపత్యమునకు సంబంధించినది. తెలిసి అన్నము తిన్నను, నీరు త్రాగినను ఇదే ప్రాయశ్చిత్తము వర్తించునా యనుచోట పండితులు రెండుగ చీలిరి. హనఫీ, మాలికీ పండితులు వర్తించుననిరి. రంజాను గౌరవమునకు బుద్ధిపూర్వకముగ భంగము చేయుట రెండింటను ఒకటే యని వారి వాదము. షాఫియీ, హన్‌బలీ పండితులు ఈ ప్రాయశ్చిత్తమును దాంపత్యభంగమునకే పరిమితము చేసి, తినుట త్రాగుటలకు పశ్చాత్తాపమును ఖజాయును చాలుననిరి. షియాలు తినుట త్రాగుటలకును కఫ్ఫారా యున్నదందురు గాని, మూడు మెట్లలో దేనినైనను ఎన్నుకొనవచ్చునందురు. మాలికీల మతమునను ఎన్నిక కలదు. హనఫీలకు మాత్రము వరుస తప్పరాదు. ఉపవాసముండ శక్తిగలవారు డబ్బిచ్చి తప్పించుకొన వీలులేదు.

హైదరాబాదులోని సున్నీలలో హనఫీలే యధికులు. 1876లో స్థాపితమైన జామియా నిజామియా విద్యాపీఠము ఆ సంప్రదాయమునకు మన నగరమున పెద్దదిక్కు. అయినను ఎల్.బి.నగరు కూడలినుండి చంపాపేట మీదుగ చాంద్రాయణగుట్ట దాటిపోయినచో బార్కసు అను పేట వచ్చును. నిజాముల సైన్యమున కొలువునకై దక్షిణ అరబ్బుదేశపు హద్రమౌతు సీమనుండి వచ్చిన వారి సంతతి అచ్చట నివసించుచున్నది; వారు షాఫియీలు. కాబట్టి సైదాబాదు ఇల్లాలికి చెప్పిన నిర్ణయమే బార్కసు ఇల్లాలికి అతుకకపోవచ్చును. పొరుగింటావిడ చెప్పినదే వేదమనుకొనక, ఎవరి సంప్రదాయపు పండితుని వారు అడుగుట మేలు. ఇకమీద మేము వ్రాయునది ముఖ్యముగ హనఫీల మార్గము.

భయపడనక్కరలేని సందర్భములు

మరచి తిన్నచో ఉపవాసము చెడదు. కడుపునిండ తిన్నను చెడదు. జ్ఞప్తికి రాగానే నోటిలోనిది ఉమిసి, సాయంకాలము వరకు కొనసాగింపవలయును. దైవమే తినిపించి త్రాగించెనని భావించుకొమ్మని హదీసు బోధించుచున్నది. అయితే కొందరు మరచి తినిన వెనుక, ఉపవాసము పోయినదనుకొని తెలియక మరల భోజనము చేయుదురు. అట్టివారికి ఖజా మాత్రమే.

సూర్యుడస్తమించెనని పొరబడి ముందుగ పారణ చేసినను, తెల్లవారలేదని పొరబడి సహరీ తినినను ఖజాయే. కుల్లా చేయునప్పుడు నీరు పొరబాటున గొంతుకలోనికి దిగినను అంతే. తనంత వాంతియైనచో ఉపవాసమునకు లోపమే లేదు. వంటింటి విషయమొకటి చెప్పవలయును. కూరలో ఉప్పు చాలినదో లేదో నాలుక కొనతో చూచి ఉమిసివేసినచో ఉపవాసము చెడదు. అవసరము లేక అట్లు చేయుట మంచిది కాదనిరి గాని, ఉప్పు తక్కువైనచో మండిపడు భర్త గల ఇల్లాలికి అడ్డులేదని పాత ధర్మశాస్త్ర గ్రంథములే వ్రాసినవి. ఆ పండితులకు సంసారముల సంగతి బాగుగ తెలిసియుండెనని నవ్వుకొనవచ్చును.

భర్త బలవంతమున ఉపవాసము చెడినచో భార్యకు ఖజా యొక్కటే. ఆమెకు కఫ్ఫారా లేదు. సమ్మతించినచో ఇరువురికిని ఉన్నదని హనఫీలందురు. ఈ మాట పైకి చెప్పుకొనుటకు సిగ్గుపడి, తనది కాని దోషమును మోయు ఇల్లాండ్రుందురు. వారికి ఈ నియమము తెలియవలయును.

రంజాను వెలుపలి ఉపవాసములకు కఫ్ఫారా లేదు. తప్పిన దినమునకు బదులుగ పట్టిన ఖజా ఉపవాసమును విడిచినను, మ్రొక్కుబడి ఉపవాసమును విడిచినను దాని బదులు మరియొకటి యుండవలెనే గాని అరువది కాదు. ఈడు రాని పిల్లలకు అసలు విధియే లేదు. ఇంటింట వేడుకగ రోజా రఖాయీ జరిపించుకొన్న చిన్నది మధ్యాహ్నము ఆకలికి తాళలేక తినినచో, దానిని దండింపక దగ్గరకు తీసికొనుటయే తల్లి పని.

రోగము, గర్భము, చంటిబిడ్డ

ఇది యన్నిటికంటె ముఖ్యమైన భాగము. గర్భవతియు, పాలిచ్చు తల్లియు తనకో బిడ్డకో హాని కలుగునని భయమున్నచో ఉపవాసము మానవచ్చును. నడుమ భయము తోచినచో విడువవచ్చును. పిమ్మట ఖజా తీర్చుకొనిన చాలును. ఋతుకాలమునను, పురిటి దినములలోను ఉపవాసము అసలే కూడదు. ఆ దినములను తరువాత తీర్చుకొందురు. కొందరు కన్నెపిల్లలు ఆ సంగతి ఇంటి మగవారికి తెలియునను బిడియముచే రోజంతయు పస్తుండి దాచుదురు. దానివలన పుణ్యమును లేదు, ఆరోగ్యమును లేదు.

నేడు మధుమేహము ప్రతి వీధిలోను కలదు. అట్టివారు రంజానుకు ముందే వైద్యుని సంప్రదింపవలయును. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మరియొక సంస్థతో కలిసి 2021లో వెలువరించిన సూచనలలో, రోగి స్థితిని బట్టి ఉపవాసమువలన కలుగు అపాయమును తూచి చెప్పు పద్ధతి కలదు. నెత్తురులోని చక్కెర 70 మిల్లీగ్రాములకంటె తగ్గినను, 300 దాటినను వెంటనే ఉపవాసము విడువవలయునని ఆ సూచనల సారము. వ్రేలికొన పొడిచి పరీక్షించుకొనుటచే ఉపవాసము చెడదని నేటి పండితులు విస్తారముగ అంగీకరించిరి. చెమటలు పోసి, చేతులు వణకి, కన్నులు చీకట్లు క్రమ్ముచున్నను, కఫ్ఫారా పడునేమో యను భయమున గ్రుక్కెడు పంచదారనీరు త్రాగని తల్లి ధర్మమును కాపాడుట లేదు. ధర్మమే యిచ్చిన అనుజ్ఞను త్రోసివేయుచున్నది. ప్రాణభయమున విడిచిన ఉపవాసమునకు ప్రాయశ్చిత్తము లేదు. ఖజా యున్నది, అదియు కోలుకొనిన పిమ్మట తీరికగ తీర్చుకొనవచ్చును.

చదువుకొను బాలికల సంగతి

దిల్‌సుఖ్‌నగరు చుట్టుపట్ల శిక్షణాలయములును, బాలికల వసతిగృహములును పెక్కులున్నవి. జిల్లాలనుండి వచ్చిన ముసల్మాను బాలికలును అచ్చట నుందురు. ఇటీవలి యేండ్లలో రంజానును, పరీక్షల కాలమును కలిసి వచ్చుచున్నవి. 2025లో మన రాష్ట్రపు ఇంటర్మీడియట్ పరీక్షలు మార్చిలో, ఉపవాసముల నడుమనే జరిగినవి. పెద్దలు దగ్గర లేని చోట, వేకువను సంకల్పముతో ఉపవాసము మొదలిడిన పిల్ల, జబ్బేమియు లేకుండగనే, స్నేహితురాండ్రతో కలిసి మధ్యాహ్నము ఫలహారము చేసినదనుకొందము. హనఫీల లెక్కన ఇది కఫ్ఫారాకు సరియైన ఉదాహరణము. అదే పిల్ల ఆ దినమున అసలు సంకల్పమే చేసికొనక మానివేసినచో ఖజాయును పశ్చాత్తాపమును మాత్రమే యుండును. అట్లని మొదలే మానుట మేలనుకొనరాదు. అకారణముగ విడుచుటయు పెద్ద తప్పే. అయినను, ఆరంభించినదానిని చేతులార భగ్నము చేయుటను శాస్త్రము వేరుగ చూచినది.

ఒకే రంజానులో ఇట్టివి రెండు మూడు జరిగి, నడుమ ప్రాయశ్చిత్తము జరుగకున్నచో, అన్నిటికి కలిపి ఒక్క కఫ్ఫారా చాలును. ఖజాలు మాత్రము తప్పిన దినములకు సరిగ నుండవలయును. తిన్న దినముననే పిమ్మట ఋతువైనచో కఫ్ఫారా తొలగిపోవును; ఆ దినపు ఉపవాసము ఎటులైనను నిలువనిదే కదా యని శాస్త్రకారుల భావము. బిడ్డ యేండ్ల క్రిందట చేసినదానిని ఇప్పుడు ఏడ్చుచు చెప్పుకొన్నను, తల్లి మొదట అడుగవలసినవి ఈ ప్రశ్నలే. అప్పటికి నీవు ఈడేరితివా? రాత్రి సంకల్పించితివా? ఒంట్లో బాగుండెనా? ఎవరైన బలవంతపెట్టిరా? వీనికి సమాధానములు దొరకిన వెనుక, భయములో సగము చాలమారులు అక్కడనే తీరిపోవును.

రెండు నెలల ఉపవాసము

నిజముగ కఫ్ఫారా పడినవారు ఏమి చేయవలయును? మొదటి మెట్టైన బానిసవిమోచనమునకు నేడు తావులేదు. ఆంగ్లేయులేలిన సీమలలో 1843 నాటి చట్టముతోనే బానిసత్వమునకు న్యాయస్థానముల ఆమోదము పోయెను. కాబట్టి రెండవదియైన ఉపవాసమే మొదటిదగుచున్నది. భగ్నమైన దినమునకు ఖజా ఒకటి. అది గాక ఎడతెగని రెండు నెలలు. చాంద్రమాసపు తొలి దినమున మొదలిడినచో రెండు మాసములు, నడుమ మొదలిడినచో 60 దినములు. మధ్యలో ఒక్క దినము అకారణముగ తప్పినను మరల మొదటినుండి లెక్క. జ్వరముచే తప్పినను అంతేయని హనఫీలును, రోగముచే వరుస తెగదని మాలికీ, హన్‌బలీ పండితులును అందురు.

స్త్రీలకు ఇచ్చట ఒక ముఖ్యమైన మినహాయింపు కలదు. ఋతుదినములచే వరుస తెగదు. ఆ దినములలో ఆగి, శుద్ధియైన మరునాటినుండియే కొనసాగింపవలయును. ఒక్కనాడు అలసించినను వరుస తెగును. నెలకు అయిదారు దినములు పోగ, అరువది ఉపవాసములు పూర్తియగుటకు 70 దినములకు పైబడి పట్టును. పురిటిచే మాత్రము వరుస తెగునని హనఫీల మతము గనుక, గర్భిణి ఇప్పుడు తొందరపడక తరువాతనే ఆరంభించుట తెలివి.

ఎప్పుడారంభింపవలయునను లెక్కయు తెలిసికొనదగినది. రంజాను పండుగనాడును, బక్రీదునాడును, దాని తరువాతి మూడు దినములును ఉపవాసము నిషిద్ధము. రంజాను పండుగ మరునాటినుండి బక్రీదుకు ముందునాటి వరకు 66 మొదలు 68 దినములుండును. పురుషునికి అది చాలును, స్త్రీకి చాలకపోవచ్చును. కావున బక్రీదు దినములు దాటిన వెనుక మొదలిడినచో, మరల రంజాను వచ్చువరకు ఎనిమిది నెలలకు పైగ వ్యవధి దొరకును. వీలున్నచో చలికాలము నెన్నుకొనుట మేలు. మన నగరమున మృగశిరకార్తె నాటికంటె ధనుర్మాసమున పగలు సుమారు రెండు గంటలు తక్కువ. ప్రాయశ్చిత్తమును కష్టతరము చేసికొనుమని ఏ శాస్త్రమును చెప్పలేదు.

అరువదిమంది అన్నము

వృద్ధాప్యము చేతనో, తీరని రోగము చేతనో ఉపవాసముండజాలని వారు మూడవ మెట్టునకు రావచ్చును. అరువదిమంది పేదలకు రెండుపూటల కడుపునిండ అన్నము పెట్టవలయును. రెండు పూటలును వారే యుండవలయును. అనగ 120 భోజనములు. లేదా ఒక్కొక్కరికి ఫిత్రా దానమునకు చెప్పిన కొలతలో గోధుమలుగాని వెలగాని ఈయవచ్చును. ఆ కొలతను అర సా అందురు. నేటి తూకములలో దీనిని పండితులు ఒకే రీతిగ లెక్కింపరు. ఒకటిన్నర కిలోల మొదలు ఒకటిముప్పాతిక వరకు చెప్పువారు కలరు. ఆ లెక్కన అరువదిమందికి 90 మొదలు 105 కిలోల గోధుమలు. ప్రతి రంజానునను ఫిత్రా వెలను పండితులు ప్రకటింతురు గనుక, దానిని అరువదితో హెచ్చించుకొనిన చాలును.

ఒక్క పేదకే 60 దినములు పెట్టినను చెల్లును. కాని అరువదిమంది వంతును ఒక్కరికే ఒక్కనాడు ఇచ్చినచో అది ఒక్క దినపు లెక్కయే యగును. తన తల్లిదండ్రులకును, బిడ్డలకును, భర్తకును ఈయరాదు, బీదవారైన తోబుట్టువులకీయవచ్చును. పనికిరాని గింజలను, నిలువయున్న పాచిపిండిని వదలించుకొనుటకు ఇది మార్గము కాదు. ఈ అన్నము తినువారు బిచ్చగాండ్రు కారు. మన తప్పును మన నెత్తినుండి దించువారు. వారికి పెట్టునప్పుడు ఇల్లాలి చేతిలో గరిటెతోపాటు మర్యాదయు ఉండవలయును.

రాజునకు చెప్పిన తీర్పు

బీదవానికి ఖర్జూరముల గంప యిచ్చి పంపిన కథను చెప్పితిమి. దానికి జోడుగ మరియొక కథను చరిత్రకారులు చెప్పుదురు. తొమ్మిదవ శతాబ్దమున స్పెయిను దేశపు దక్షిణభాగము ముసల్మాను ప్రభువుల యేలుబడిలో నుండెను. రెండవ అబ్దుర్రహ్మాను అను ప్రభువు రంజాను పగటివేళ నియమము మీరి, ఏమి చేయవలయునని పండితులను పిలిపించి అడిగెను. యహ్యా అను పెద్దపండితుడు వెంటనే, రెండు నెలలు ఉపవాసముండవలయునని తీర్పు చెప్పెను. వెలుపలికి వచ్చిన పిదప తక్కిన పండితులు, మన మాలికీ మతమున ఎన్నిక యున్నదే, బానిసను విడిపింపుమని యేల చెప్పలేదని అడిగిరి. రాజునకు బానిసలకు కొదువలేదు, ఆ తలుపు తెరచినచో దినమున కొకనిని విడిపించి దినమున కొకమారు తప్పు చేయును, కష్టమైనది చెప్పితినేని మరల ఆ దారి త్రొక్కడని యతడు బదులుచెప్పెనట. తరువాతి పండితులు కొందరు ఈ తీర్పును ఒప్పుకొనలేదు. ధర్మములోని మూడు మెట్లను మనకు తోచినట్లు రాజునకొకటి, పేదకొకటి చేయరాదనిరి.

ఆ వాదమెట్లున్నను, రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక్క సంగతి తేటపడును. ప్రాయశ్చిత్తము మనుజుని విరుగగొట్టుటకు పుట్టినది కాదు, సరిదిద్దుటకు పుట్టినది. డబ్బుగలవాడు తేలికగ దాటిపోకుండవలయును. లేనివాడు దానిక్రింద నలిగిపోకుండవలయును. ఈ రెండును కలసినప్పుడే అది ధర్మమగును. మన ఇండ్లలో పెద్దలు పిల్లల తప్పులను విచారించునప్పుడును ఈ తూకమే ఉండవలయును.

ఇరుగుపొరుగు హిందూ సోదరీమణులకు ఒక మాట. ఉపవాసముననున్న పొరుగింటామె మరచి ఫలహారము నోట వేసికొన్నచో, ఉపవాసము పోయినదని ఎగతాళి చేయకుడు; అది పోలేదు. మన ఇంట పనిచేయు స్త్రీ రంజానులో ఒకనాడు తినుట చూచినచో ఏలయని నలుగురిలో అడుగకుడు. స్త్రీలకు పైకి చెప్పుకొనలేని కారణములుండును. సాయంకాలము ఆమెను కొంచెము ముందుగ ఇంటికి పంపుట అంతకంటె మంచిపని.

ముసల్మాను సోదరీమణులకు మా విన్నపమిది. మీ మనసులో యేనాటి ఉపవాసమైనను ముల్లువలె గ్రుచ్చుచున్నచో, దానిని దాచి బాధపడకుడు. తారీఖు జ్ఞాపకము తెచ్చుకొని, ఎందుచేత విడిచితిరో కాగితముమీద వ్రాసికొని, మీ సంప్రదాయము నెరిగిన పండితుని స్వయముగనో ఇంటివారిచేతనో అడుగుడు. రోగమున్నచో వైద్యుని మాటను ఆయనకు తెలుపుడు. ఖజాయైన ఖజా, ఫిద్యాయైన ఫిద్యా, కఫ్ఫారాయైన కఫ్ఫారా. ఏదైనను లెక్కగలది, అంతము గలది, తీర్చుకొనదగినది. అడుగక పెంచుకొన్న భయమునకే అంతము లేదు.